కుందేటి పిల్లల మేత - ఎముకల పుష్టి

గడచిన వేసవిలో మన సంఘ సభ్యులలో నొకరు గంపలో నొక కుందేటి పిల్లను పెట్టుకొని మా యొద్దకు వచ్చిరి. దాని వయస్సు పది వారములు. తూచి చూడగా కిలోన్నర తూగెను. బొచ్చు నిగనిగలాడుచుండెను. కన్నులు తేటగా నుండెను. కాని వెనుక కాలొకటి విఱిగి వ్రేలాడుచుండెను.

"బోను తలుపు తెఱచి పట్టుకొనబోయితిని. ఒక్క గెంతు గెంతినది, అంతియే. ఈ నెలలో నిది రెండవది. మేతకు నేను లోటు చేయలేదండీ. తవుడు, జొన్నలు, వేరుసెనగ చెక్క కలిపి పెట్టుచున్నాను. సాయంకాలము పచ్చగడ్డియు వేయుచున్నాను. తూకము బాగుగనే పెరుగుచున్నది. మఱి యెముకలు పుల్లలవలె నేల విఱుగుచున్నవి?" అని యాయన యడిగిరి.

పశువైద్యుడు ఛాయాచిత్రము తీయించి చూచి, ఎముక గోడలు పలుచబడి యున్నవని చెప్పిరి. ఆ పిల్ల బ్రదుకలేదు. కాని యా సభ్యుడడిగిన ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు. వ్యవసాయముతోపాటు పది కుందేళ్లను పెంచి నాలుగు రూకలు గడింపవలెనని మన గ్రామములలో పలువురు యత్నించుచున్నారు. వారందఱును తక్కెడను నమ్ముకొనియే యున్నారు. తక్కెడ చెప్పని సంగతి యొకటి గలదని వారికి తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

తూకము వేఱు, ఎముక వేఱు

ఎముకకు గట్టిదన మిచ్చునది ప్రధానముగ సున్నపు ధాతువు. దీనినే కాల్షియ మందురు. ఇది భాస్వరముతో కూడి యెముకలో పేరుకొనును. శరీరములోని కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలలోను పండ్లలోనే యుండును.

ఎదుగుచున్న కుందేటి పిల్లకు మేతలో నెంత కాల్షియము కావలయునో తెలిసికొనుటకు 1967లో చాపిన్, స్మిత్ అను నిరువురు పరిశోధకులు అమెరికాలో పరీక్షలు గావించిరి. కాల్షియము వేఱువేఱు పాళ్లలో నుండు మేతలను పిల్లలకు పెట్టి, వాని తూకమును, ఎముకల పుష్టిని విడివిడిగా పరిశీలించిరి. మేత నూఱు పాళ్లలో కాల్షియము 0.22 పాలున్నచో పిల్లల తూకము పూర్తిగా పెరిగినది. కాని యెముకలలో ధాతువు పూర్తిగా నిండుటకు 0.35 మొదలు 0.40 పాళ్ల వఱకు కావలసి వచ్చినది.

ఈ రెండంకెల నడుమనే మన సభ్యుని నష్టమంతయు నున్నది. 0.22 పాళ్లు దొరకిన పిల్ల బరువెక్కును, కండపట్టును, చూపఱకు ముచ్చటగా నుండును. దాని యెముక మాత్రము బోలుగా నుండిపోవును. బరువు పెరిగినకొలది ఆ బోలు ఎముకపై భారము హెచ్చును. కావున "తూకము బాగున్నది, మేతయు బాగున్నది" యని తీర్మానించుట పొరపాటు. 1977లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ప్రకటించిన పట్టికలో ఎదుగు కుందేళ్లకు నూటికి 0.4 పాళ్ల కాల్షియమును, 0.22 పాళ్ల భాస్వరమును నిర్ణయింపబడినవి.

ఎముక సంఘపు నిలువనిధి వంటిది

ఎముక రాయివలె చలనము లేని వస్తువని పలువు రనుకొందురు. అది సరికాదు. ఎముకలో ప్రతిదినము కట్టుటయు కూల్చుటయు జరుగుచునే యుండును. కట్టు కణములు కొన్ని, కరగించు కణములు కొన్ని. ఎదిగెడు పిల్లలో పొడవైన యెముకల కొనలయందు మృదులాస్థి పలకలుండును. ఆ పలకలు పొడవునకు పెరుగుచుండగా, వెనుకనుండి ధాతువు వచ్చి వానిని గట్టిపఱచును. ధాతువు చాలనిచో పొడవు పెరుగును గాని గట్టిదనము రాదు.

మన సహకార సంఘమునకు నిలువనిధి యొకటి, దినదినపు లావాదేవీలు వేఱొకటి యుండుట సభ్యు లెఱిగినదే. శరీరములోను అట్లే. రక్తములోని కాల్షియము దినపు లావాదేవీ వంటిది. గుండె కొట్టుకొనుటకు, కండరములు ముడుచుకొనుటకు, దెబ్బ తగిలినపుడు రక్తము గడ్డకట్టుటకు అది కావలయును. ఒక్క గడియయైనను ఆ చెల్లింపు ఆగుటకు వీలులేదు. మేతనుండి రాబడి చాలనపుడు గొంతునందలి చిన్న గ్రంథులు ఒక రసమును విడుదల చేసి, ఎముకయను నిలువనిధినుండి కాల్షియమును తీయించి రక్తమునకు చేర్చును. పైకి లెక్కలన్నియు సరిగనే కనబడును, చెల్లింపులును జరిగిపోవుచుండును. నిలువనిధి మాత్రము నానాటికి తఱుగుచుండును. సంఘమైనచో సంవత్సరాంతమున తనిఖీ చేయువాడు వచ్చి యీ సంగతి బయటపెట్టును. కుందేటికి తనిఖీ యేది? ఒక్క గెంతు గెంతి కాలు విఱుగుటయే తనిఖీ.

పైగా కుందేటి యస్థిపంజరము స్వభావముచేతనే తేలికైనది. దాని దేహపు బరువులో ఎముకల బరువు నూటికి 7 లేక 8 పాళ్లు మాత్రమే. పిల్లిలో నది 12 లేక 13 పాళ్లుండును. వెనుక కాళ్ల కండరములు మాత్రము మిక్కిలి బలమైనవి. బలమైన కండరము, తేలికైన యెముక. ఇట్టి జంతువున కెముకలో ధాతువు తఱిగినచో తన తన్నే తన కాలిని విఱుచును.

కుందేటి వింత స్వభావము

కాల్షియము విషయమున కుందేలు ఆవు, మేక, ఎలుకలవలె గాక వేఱు రీతిగ నడచును. ఇతర జంతువుల ప్రేగులు కావలసినంత కాల్షియమునే లోనికి తీసికొని, తక్కినదానిని పెంటతో విడిచిపెట్టును. ఇందుకు డి విటమిను కాపలాదారుగా పనిచేయును. కుందేటి ప్రేగులకు ఆ కాపలా యంతగా లేదు. మేతలో నెంత యెక్కువ వచ్చినచో అంత యెక్కువ లోనికి పోవును, ఎంత తక్కువ వచ్చినచో అంత తక్కువ. డి విటమిను లోపించినను మేతలో తగినంత కాల్షియ మున్నచో కుందేలు దానిని గ్రహింపగలదు. రక్తములోని కాల్షియము కూడ ఇతర జంతువులకంటె దీనికి హెచ్చుగా నుండి, మేతనుబట్టి హెచ్చుతగ్గు లగుచుండును.

అవసరమునకు మించినది మూత్రముద్వారా పోవును. ఇతర జంతువులలో ఇట్లు పోవునది నూటికి 2 పాళ్లకంటె తక్కువ. కుందేటిలో నది సుమారు 45 మొదలు 60 పాళ్ల వఱకు నుండును. 1973లో చీక్, అంబర్గ్ అను పరిశోధకులు ఎలుకలను కుందేళ్లను పోల్చి చూడగా, ఎలుక కాల్షియమును ముఖ్యముగ పెంటతోను, కుందేలు ముఖ్యముగ మూత్రముతోను విడుచుచున్నట్లు తేలినది. పెద్ద కుందేటి మూత్రము పలుచని సున్నపునీటివలె తెల్లగా నుండుటకు కారణ మిదియే. అది రోగము కాదు. ఎదుగు పిల్లలకును, చూలు కుందేళ్లకును, పాలిచ్చు తల్లులకును కాల్షియమంతయు ఎముకలకును పాలకును పోవుటచే మూత్రము తేటగా నుండుట కలదు. అదియు రోగము కాదు.

దీనినిబట్టి రైతు గ్రహింపవలసిన దేమనగా: కుందేటి విషయమున కాపలాదారుడు లోపల లేడు, బయట మేత వేయు మన చేతియందే యున్నాడు. తక్కువ వేసితిమా యెముక తఱుగును, ఎక్కువ వేసితిమా మూత్రపిండములపై భారము పడును.

ఆ సభ్యుని మేత లెక్క

ఇపుడు లెక్క చూతము. ఆయన 50 కిలోల తవుడు, 30 కిలోల జొన్నలు, 20 కిలోల వేరుసెనగ చెక్క కలుపుచుండెను. ఈ నూఱు కిలోల దాణాలో కాల్షియము సుమారు 90 గ్రాములు మాత్రమే. అనగా నూటికి 0.09 పాళ్లు. భాస్వరమో, ముఖ్యముగ తవుడువలన, దానికి సుమారు పది రెట్లున్నది. ఎముకలో భాస్వరముకంటె కాల్షియమే యెక్కువ గదా! తవుడు మంచి బలము గల దాణాయే, కాని సున్నపు ధాతువు విషయమున అది బహు దరిద్రమైనది. ధాన్యములన్నియు నంతే.

ఎనిమిది పది వారముల పిల్ల దినమునకు తేమ తీసివేసిన లెక్కలో సుమారు 100 గ్రాముల మేత తినుననుకొందము. ఇం దాయన పెట్టినది దాణా 65 గ్రాములు, గడ్డి 35 గ్రాములు. దాణానుండి 0.06 గ్రామును, గడ్డినుండి 0.14 గ్రామును, మొత్తము 0.20 గ్రాము కాల్షియము లభించినది. పైన చెప్పిన రెండంకెలను జ్ఞాపకము చేసికొనుడు. తూకము పెరుగుట కిది యించుమించు చాలును. ఎముక నిండుటకు కావలసినదానిలో నిది సగమే. తక్కెడ మోసగించినదన్న నిదియే.

ఈ లోటు తీర్చుట కష్టము కాదు. కాయజాతి పచ్చిరొట్ట ఆకులలో కాల్షియము సమృద్ధిగ నుండును. లూసర్నులో, తేమ తీసివేసిన లెక్కలో, నూటికి సుమారు 1.3 పాళ్లు గలదు. దాణా 40 గ్రాములు, గడ్డి 40 గ్రాములు, లూసర్ను 20 గ్రాములు, అన్నియు ఎండు లెక్కలో, ఇచ్చినచో మొత్తము సుమారు 0.45 గ్రాము కాల్షియము వచ్చును. ఎముకకు కావలసినది చేకూరి, కొంచెము మిగులును. పచ్చిదైనచో 20 గ్రాముల యెండు లూసర్నుకు సుమారు 100 గ్రాముల పచ్చి లూసర్ను సరిపోవును. బావి చెంత నాలుగు మడులు వేసికొన్నచో పది కుందేళ్లకు ధారాళముగ నందును.

లూసర్ను లేనిచోట అలసంద, పిల్లిపెసర ఆకులను, అవిసె ఆకును, మునగ ఆకును వాడవచ్చును. వేరుసెనగ పండించు తావులలో కాయలు ఒలిచిన పిదప మిగులు ఆకుతీగ నీడన ఆరినదైనచో మంచి మేత. బూజు పట్టినది మాత్రము పనికిరాదు. ఏ పచ్చిమేతనైనను ఒక్కదినముననే మెండుగ వేయరాదు. కొద్దికొద్దిగ అలవాటు చేయవలయును. లూసర్నును కోసి కొంత వాడిన పిదప వేయుట మేలు. లేనిచో కడుపుబ్బును.

ఏ యాకును దొరకని వేసవిలో, నూఱు కిలోల దాణాకు ఒక కిలో మెత్తని సున్నపురాతి పొడిని కలుపవలయును. దీనిలో కాల్షియము నూటికి సుమారు 38 పాళ్లుండును గనుక, దాణాలోని 0.09 పాళ్లు 0.47 పాళ్లగును. పశువుల దాణాకై విక్రయించు పొడినే కొనవలయును. తాంబూలపు సున్నమును, గోడలకు వేయు సున్నమును ఎన్నడును కలుపరాదు. అవి నోటిని, కడుపును కాల్చివేయును.

అతి కూడ మంచిది కాదు

ఇంతవఱకు చదివిన కొందఱు "అట్లయినచో లూసర్నును, సున్నపురాతి పొడిని, మందుల దుకాణమున దొరకు నూనెలను అన్నిటిని కలిపి యిత్తము" అని తలంపవచ్చును. అది వలదు.

ఎదుగు పిల్ల కొంత యతిని సహించును. చాపిన్, స్మిత్ పరీక్షలలో భాస్వరమునకు పండ్రెండు రెట్లు కాల్షియ మిచ్చినను పిల్లల పెరుగుదల తగ్గలేదు. కాని యెదుగుట ముగిసిన పెద్ద కుందేటికి ఎముకలో నింపవలసిన దేమియు నుండదు. వచ్చినదంతయు మూత్రపిండములద్వారా పోవలసినదే. నెలల తరబడి అట్లు జరిగినచో మూత్రకోశమున సున్నపు బురద పేరుకొనును, రాళ్లు కట్టును. మూత్రము సున్నపు ముద్దవలె చిక్కనై, కుందేలు ముక్కుచు మూలుగుచు విడుచుచున్నచో అది మంచి సూచన కాదు. ఆఱు మాసములు దాటి, చూలుగాని పాలుగాని లేని కుందేళ్లకు గడ్డియే ప్రధానము. లూసర్ను రుచికి మాత్రమే.

డి విటమిను నూనెలు అంతకంటె ప్రమాదకరము. మోతాదు మించినచో ఎముకలో నుండవలసిన సున్నము గుండెనుండి వెడలు పెద్ద రక్తనాళములోను మూత్రపిండములలోను గట్టిపడును. పశువైద్యుని యాజ్ఞ లేనిదే వానిని వాడరాదు. కుందేటి కంతగా విటమిను కావలయునన్నచో ఉదయపు లేత యెండ చాలును. చీకటి కొట్టములలో బోనులను పేర్చి పెట్టువారు దీనిని గమనింపవలయును. అయితే 30 డిగ్రీలు దాటిన వేడిమిని కుందేలు తాళలేదు. కావున ప్రొద్దెక్కకమునుపే బోనులను నీడకు చేర్పవలయును.

మేత యొక్కటియే చాలదు

కదలని యెముక బలపడదు. పిల్ల ఒడలు చాచి నాలుగు గెంతులు వేయుటకు చాలినంత చోటు బోనులో నుండవలయును. పట్టుకొను రీతియు ముఖ్యమే. చెవులుపట్టి యెత్తుట మనవారి దురభ్యాసము. ఒక చేతితో మెడవెనుక వదులు చర్మమును పట్టి, వెంటనే రెండవ చేతిని పిఱుదుల క్రింద నుంచి ఆధార మీయవలయును. ఆధారము లేక వెనుక కాళ్లతో తన్నినపుడు, ఆరోగ్యవంతమైన కుందేలు సయితము తన నడుము నెముకను విఱుచుకొనుట కలదు. కావున ప్రతి విఱుగుడుకును మేతయే కారణమని తలపరాదు. మా సభ్యుని విషయమున రెండు కారణములును కలిసినవి.

ముందుగా పసిగట్టవలసిన గుఱుతులు ఇవి: ముంగాళ్లు వంగుట, కీళ్లు ఉబ్బుట, ప్రక్కయెముకల కొనలయందు గంట్లవలె తగులుట, తోటి పిల్లలు గెంతుచుండగా ఒకటి మూలను కూర్చుండుట. వీనిలో నేది కనబడినను పశువైద్యుని కడకు కొనిపోవలయును.

తల్లిని మఱవరాదు

పిల్ల యెముక తల్లి కడుపులోనే యారంభమగును. కుందేలు సుమారు 31 దినములు చూలు మోయును. ఈనిన పిదప దినమున కొక్కసారి, కొలది నిమిషములు మాత్రమే పాలిచ్చును. ఆ పాలు మాత్రము ఆవుపాలకంటె పలురెట్లు కాల్షియము గలవి. ఆఱెనిమిది పిల్లల యెముకలకు కావలసినదంతయు ఆ కొద్దిపాటి పాలద్వారానే పోవలయును. అందుచే పాలిచ్చు తల్లికి నూటికి 0.75 పాళ్ల కాల్షియము, 0.5 పాళ్ల భాస్వరము ఉండవలయునని పైన చెప్పిన 1977 నాటి పట్టిక తెలుపుచున్నది. ఇది పిల్లకు కావలసినదానికి దాదాపు రెట్టింపు. పాలిచ్చు తల్లికి తవుడే వేసినచో, ఆమె తన యెముకలు కరగించి పిల్లలను పోషించును. ఒక్కొక్కప్పుడు రక్తములో కాల్షియము పడిపోయి, వణకు పుట్టి, హఠాత్తుగ ప్రాణము విడుచును. ఈనికకు ముందు మేలుగానున్న తల్లి యేల చనిపోయెనో తెలియక దిష్టి తగిలినదని చెప్పుకొనుట మనము విన్నదే. అట్టి చోట్ల ముందుగా మేతతొట్టిని చూడుమని మా మనవి.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఒక కిలో సున్నపురాతి పొడికై పట్టణమునకు పోవుట వృథా ప్రయాస. పది మంది కలిసి యొక బస్తా తెప్పించుకొన్నచో ఏడాది పొడుగునను చాలును. లూసర్ను విత్తనము కూడ నట్లే ఉమ్మడిగ కొని పంచుకొనవచ్చును. కుందేళ్లను పెంచు సభ్యులు పిల్లల తూకముతోపాటు, ఏ మేత యెంత వేసిరో, ఎన్ని పిల్లలకు కాళ్లు విఱిగెనో, ఎన్ని తల్లులు ఈనిన పిదప పోయెనో ఒక చిన్న పుస్తకమున వ్రాసియుంచవలయును. తక్కెడ చెప్పని సంగతిని ఆ పుస్తకము చెప్పును.

ఒక మాట. పొలముల గట్లపై తిరుగు చెవులపిల్లులను పట్టి పెంచుట తగదు. అవి వేఱు జాతి. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వానిని పట్టుట నిషేధింపబడినది. మన మిందు చెప్పినదంతయు పెంపుడు కుందేళ్లను గుఱించియే.

గంపతో వచ్చిన సభ్యుడు ఇపుడు బావిచెంత రెండు సెంట్ల లూసర్ను వేసిరి. దాణాలో తవుడు తగ్గించిరి. ఆ పిమ్మట పుట్టిన రెండు ఈతల పిల్లలలో ఒక్క కాలును విఱుగలేదు. ఇది రెండు ఈతల మాటయే గనుక దీనినే నిదర్శనముగ మేము చూపజాలము. కాని యాయన మొన్న మా యొద్దకు వచ్చినపుడు తూకము సంగతి ముందుగా చెప్పలేదు. "పిల్లలు బోనులో ఈ చివరనుండి ఆ చివరకు దుముకుచున్నవండీ" అని చెప్పిరి. కుందేళ్లను పెంచు సభ్యులందఱును తక్కెడతోపాటు ఆ దుముకును కూడ చూచుట నేర్తురుగాక యని కోరుచున్నాము.